అమావాస్య నాటి చైనా హోటల్

మా అవ్వకు నూడుల్స్ అలవాటు చేసింది నేనేనని మా బంధువుల్లో ఇప్పటికీ ఒక మాట ఉంది. శుద్ధ అబద్ధం. మా అవ్వకు ఎవరైనా ఏదైనా అలవాటు చేయగలిగారంటే నేను నమ్మను. నేను చేసిందల్లా ఒక శనివారం హాస్టల్ నుంచి ధర్మవరం వచ్చి, ఆమె పక్కన చతికిలబడి, అనంతపురంలో కొత్తగా చైనా హోటల్ పెట్టారని చెప్పడం. మిగతా కథంతా ఆమె నడిపిందే.

అప్పట్లో నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. ఎనభైలు మొదలైన రోజులు. మా హాస్టల్లో ఉప్మా చేసే విధానం ఒకటుండేది. రవ్వను నీళ్లలో పోసి, దాని ఖర్మకు దాన్ని వదిలేసేవారు. అది తిని తిని నోరు చచ్చిపోయిన మమ్మల్ని, చిలమత్తూరు నుంచి వచ్చిన నా స్నేహితురాలు ఒకతి ఒక ఆదివారం చైనా హోటల్‌కు తీసుకెళ్లింది. వాళ్లన్న బెంగళూరులో ఉండేవాడు కాబట్టి లోకంలోని తిండ్లన్నీ తనకు తెలుసని ఆ పిల్ల ధీమా.

హోటల్ టవర్‌క్లాక్‌కు కొంచెం అవతల, ఒక టైర్ల అంగడి మీద మేడ. ఇరుకు మెట్లు ఎక్కి వెళ్లాలి. కిటికీ అద్దాలకు నల్లకాగితం అంటించి, పట్టపగలు లోపల చీకటి చేసి, ఆ చీకట్లో ఎర్ర కాగితపు దీపాలు వేలాడదీశారు. గోడ మీద నిప్పులు కక్కే డ్రాగన్ బొమ్మ ఒకటి. బొమ్మ వేసిన మనిషి డ్రాగన్‌ను ఎన్నడూ చూసి ఉండడు, మన పక్క తొండలను మాత్రం బాగా చూసి ఉంటాడు. యజమాని కోలారు వైపు మనిషి, సగం కన్నడం సగం తెలుగు. వంటాయన నేపాల్ నుంచి వచ్చాడు. మా పక్క ఆయన అనడానికి ఆయప్ప అంటారు, అలా ఊళ్లో అందరూ ఆయన్ను 'చైనా ఆయప్ప' అనేవారు. ఆయన మొదట్లో కాదని చెప్పి చూసి, తర్వాత మానుకున్నాడు.

మేం కూర్చున్నాక ఒక పెద్ద గిన్నె తెచ్చి బల్ల నడిమధ్య పెట్టారు. ఎవరి ప్లేటు వాళ్లకు నింపి తెస్తారని మేం మర్యాదగా ఎదురుచూశాం. ఆవిరి పోయింది, వేడి పోయింది, ఎవరూ రాలేదు. చివరికి యజమాని వచ్చి, అందరికీ అదొక్కటేనని, అందులోంచే తలా కొంచెం పెట్టుకోవాలని చెప్పాడు. చల్లారిన నూడుల్స్ తిని, గొప్పగా ఉందని ఒకరికొకరం చెప్పుకుని హాస్టల్‌కు వచ్చాం.

ఇదంతా చెబుతుంటే అవ్వ తన చిన్న ఇత్తడి రోట్లో ఆకువక్క దంచుకుంటూ వింది. ఎర్రదీపాలు, డ్రాగన్, నేపాల్ ఆయన, ఏవీ ఆమెకు పట్టలేదు. గిన్నె సంగతి దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.

"అందురికీ ఒగే గిన్నెనా?"

"ఒకటే అవ్వా."

"వడ్డించే వాళ్లు లేరా?"

"ఎవురూ వడ్డించరు. నడిమధ్య పెట్టి పోతారు. మనమే అండ్లోంచి పెట్టుకోవాల."

"మంచిది" అని మళ్లీ దంచుకోసాగింది. ఆ మంచిది అన్నది ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

అర్థం కావాలంటే మా ఇంటి గోడ గురించి చెప్పాలి. మాది పట్టుచీరలు నేసే ఇల్లు. అవ్వకు ఇద్దరు కొడుకులు, మా పెద్దనాయన, మా నాయన. ఒకే ఇంట్లో రెండు మగ్గాలు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు పెద్దనాయన ఒక షావుకారు తొందరపెడితే తక్కువరకం జరీ తెచ్చి నాలుగు చీరలు నేశాడు. మా నాయన ఆ షావుకారు ముందే "ఇవి మా ఇంటి చీరలు గావు" అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ జరీ తేవడం తప్పే, ఆ మాట అనడమూ తప్పే. అన్న చేసింది తప్పయితే ఇంట్లో తిట్టుకోవాలి గానీ షావుకారు ముందు అనవచ్చునా? అది పెద్దనాయనను కత్తితో కోసినట్టు కోసింది.

"ఇంగ నీ ఇంటి నీళ్లు గుక్కెడు ముట్టుకుంటే నేను మా నాయనకు పుట్టినోన్నే గాదు" అన్నాడు పెద్దనాయన.

"నీ ఇంట్లో మెతుకు ముట్టుకుంటే నేనూ గాదు" అన్నాడు మా నాయన.

ఇద్దరూ ఆ నాయనకే పుట్టారనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. నెల తిరక్కుండా ఇంటి నడుమ గోడ లేచింది. బావి మా వైపు పడింది. మా పెరట్లో నీళ్లు తోడుకోవచ్చని నాయన ఎవరిచేతనో కబురు చేశాడు గానీ, పెద్దనాయన వింటేనా? ఆ రోజు నుంచి మా పెద్దమ్మ వీధి చివర బోరింగు దగ్గర కడవ పెట్టుకుని నిలబడేది. వానలు లేని ఏడాది ఆ బోరింగు పది దెబ్బలు కొడితే ఒకసారి నీళ్లు ఉమ్మేది. మా అమ్మ గడపలో నిలబడి అది చూసి లోపలికి వచ్చి ఎవరినీ ఏమీ అనలేక గిన్నెలు గట్టిగా తోమేది.

అన్నదమ్ములు మాట్లాడుకోవడం అంతటితో ఆగిపోయింది. మిగిలిందల్లా అవ్వ. ఆమెకు వంతులు పెట్టారు. అమావాస్య నుంచి అమావాస్య వరకు ఒక ఇంట్లో, తర్వాతి అమావాస్య వరకు మరో ఇంట్లో. మాలో అమావాస్య నాడు మగ్గం తొక్కరు. మగ్గం పలక, పోగును అటూ ఇటూ నడిపే నాడె తుడిచి, మగ్గానికి కుంకం పెట్టి, ఆ పూట పని ఆపుతారు. అందుకని అవ్వను ఇల్లు మార్చడానికి అదే అనువైన రోజని ఇద్దరూ అనుకున్నారు. ఆమె ట్రంకుపెట్టె, బొంత, ఆకువక్క రోలు, ఇవి గోడలో తలుపు లేనందువల్ల వీధి చుట్టూ తిరిగి అవతలి గడపకు చేరేవి. నీళ్లు మాత్రం ఆమె మా బావివే తాగేది. పెద్దనాయన వంతు నడిచే నెలలో ఆమె మరచెంబు నింపి గోడ మీదుగా అందించేవాళ్లం. దాన్ని అవ్వ తప్ప ఆ ఇంట్లో ఎవరూ తాకేవారు కాదు.

ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. అమావాస్య రోజు ఆమె ఎవరి ఇంటి మనిషి అన్నది ఎవరూ తేల్చలేదు. పంపే ఇల్లు తిండి పెట్టి పంపిందని అవతలివాళ్లు అనుకోవడం, వెళ్లాక అక్కడ తింటుందని ఇవతలివాళ్లు అనుకోవడం. నేను చైనా హోటల్ గురించి చెప్పిన కొన్నాళ్లకు అదే జరిగింది. రెండిళ్లలోనూ మగ్గాల పూజ హడావుడి. అవ్వ రెండు గడపల మధ్య వీధిలో తన ట్రంకుపెట్టె మీద కూర్చుంది. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది. దారిన పోయేవాళ్లు పలకరిస్తే పలికింది. ఆమె పొద్దున్నుంచి ఏమీ తినలేదని ఎవరికీ తెలియదు. సాయంత్రం కళ్లు తిరిగి పెట్టె మీదికి ఒరిగిపోతే, రెండిళ్లవాళ్లూ పరుగెత్తుకొచ్చారు. అప్పుడు కూడా చెరో పక్క నిలబడి 'మీ ఇంట్లో తినలేదా' అని ఆమెను చూస్తూ ఎదుటివాళ్లను అడిగారు.

"అడగొచ్చు గదమ్మా" అన్నాడు నాయన.

"కన్న కొడుకుల్ని అడుక్కోని తినాల్నా?" అంది అవ్వ. ఈ సంగతి అమ్మ నాకు చెప్పినప్పుడు నాకు మా ఇంటి మగవాళ్లిద్దరి మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇప్పటికీ కొంచెం మిగిలే ఉంది.

ఆ అమావాస్య మరునాడు పొద్దున అవ్వ వీధి మధ్యలో, రెండు గడపలకూ వినపడే చోట నిలబడి తన నిర్ణయం చెప్పింది.

"మీరిద్దురూ ఒట్లు పెట్టుకోని బతకతాండారు గదా, నేనూ ఒకటి పెట్టుకుంటాండా. ఇంగ అమావాస్య నాడు మీ ఇండ్లల్లో దేంట్లోనూ నేను మెతుకు ముట్టను. ఆ పొద్దు ఇద్దురూ గలిసి నన్ను అనంతపురంలో చైనా హోటల్‌కు పిలుచుకోని పోవాల."



"చైనా హోటలేందమ్మా? ఈడ ఇడ్లీ హోటలుండాది గదా" అన్నాడు పెద్దనాయన.

"ఈడ తింటే ఊరంతా వచ్చి మన నోళ్లకల్లా చూస్తాది. ఆడైతే మనమెవురో ఎవురికీ తెలీదు. అది నీ ఇల్లూ గాదు, వాని ఇల్లూ గాదు. మీ ఒట్లు యాడికీ పోవు."

తర్వాతి అమావాస్యకు వాళ్లు బస్సెక్కారు. పెద్దనాయన ముందు సీట్లో, నాయన వెనక సీట్లో, అవ్వ నడుమ. ఆమెకు ఇద్దరూ టికెట్ కొన్నారు. ముసలామెకు రెండెందుకప్పా అని కండక్టర్ అడిగితే, కాళ్లు చాపుకుంటానని చెప్పి అవ్వ రెండూ జాగ్రత్తగా కొంగున కట్టుకుందట.

నేను బస్టాండుకు వెళ్లి వాళ్లను కలుసుకున్నాను. మెట్లెక్కి లోపలికి అడుగు పెట్టగానే అవ్వ ఆగిపోయింది.

"కరెంటు పోయినట్లుండాది. వచ్చినాక వద్దాం పద మే" అంది నాతో.

"లేదవ్వా, ఇట్లనే ఉంటాది" అన్నాడు యజమాని.

"దుడ్లిచ్చి చీకట్లో తినాల్నా?" అంది గానీ లోపలికి నడిచింది.

ఇంతలో కొడుకులిద్దరూ రెండు బల్లలు చూసుకుని, ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్నారు. అవ్వ ఆ రెండు బల్లల మధ్య, చేతిసంచి పట్టుకుని నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు. కూరగాయల బేరం ఆడేటప్పుడు ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది.

"నేను పోయినాక నాకి పిండం పెట్టేదానికైనా మీరిద్దురూ ఒకచోట కూచోవాల గదప్పా. ఆ కూచునేదేందో నేను సూస్తాండంగానే కూచోండి. నాకి అంతకంటే ఏం వద్దు."

పెద్దనాయన లేచి వచ్చాడు. నాయన జరిగి చోటిచ్చాడు. అవ్వ వాళ్లకు ఎదురుగా నా పక్కన కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పుడు తెలిసింది నాకు, ఆమెకు ఆకలి నూడుల్స్ మీద కాదని.

కూర్చున్నారే గానీ మాటలు లేవు. మధ్యలో నలిగింది యజమాని. "ఆయప్పకు సూపు కావాల్నేమో అడుగు" అని నాయన ఆయనకు చెప్పడం, "కావాలని చెప్పు" అని పెద్దనాయన ఆయనకే చెప్పడం. ఉప్పుడబ్బా కూడా ఆయన చేతి మీదుగానే అటూ ఇటూ తిరిగింది. పాపం ఆ మనిషి కాసేపు చూసి, "మీరిద్దురూ ఒకే ఊరేనా అన్నా?" అని అడిగాడు.

"ఒకే కడుపు" అంది అవ్వ.

సూపు వచ్చింది. నాయన ఒక చెంచా నోట్లో పోసుకుని ఎవరితో అనకుండా గంజి మాదిరుండాది అన్నాడు. అవ్వ సంచిలోంచి చిన్న డబ్బా తీసి, మా అమ్మ దంచిన చెనిక్కాయల పొడి, అంటే వేరుశెనగ కారం, తన గిన్నెలో వేసుకుని, అడక్కుండానే కొడుకులిద్దరి గిన్నెల్లోనూ వేసింది. అప్పుడు ఆ సూపు మన పక్క తిండయింది.

తర్వాత నూడుల్స్ గిన్నె వచ్చి నడిమధ్య కూర్చుంది. ఇద్దరు నేతగాళ్లూ దానివైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. చిక్కుపడిన పట్టు ఎవరింట్లో కనిపించినా మా వాళ్ల చేతులు ఊరుకోవు. పెద్దనాయన ఫోర్కుతో పైకెత్తి, కొన ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాడు. తినడానికి కాదు, విడదీయడానికి. నాయన అటు వైపు నుంచి అదే పని. అవ్వ మాత్రం జీవితమంతా కండెలు చుట్టిన మనిషి. నాడెలో పెట్టే కండెకు పోగు చుట్టినట్టే ఫోర్కును గిర్రున తిప్పి, నున్నగా ఒక ఉండ చుట్టి నోట్లో పెట్టుకుంది. బెంగళూరు అన్న ఉన్న నా స్నేహితురాలు కూడా అంత అందంగా తినలేదు.

ఇలా చెరో పక్కా లాగుతుండగా, ఒక పొడుగాటి పోగు నాయన ప్లేటుకూ పెద్దనాయన ప్లేటుకూ మధ్య బల్ల మీదుగా సాగి నిలిచింది. వేరే ఎవరయినా ఫోర్కుతో నొక్కి తెంపేసేవారు. మా ఇళ్లలో పిల్లలకు నడక వచ్చిన రోజు నుంచి చెప్పే మొదటి బుద్ధి పోగు తెంపకూడదని. తెగితే మగ్గం ఆపాలి, దిగాలి, కొన వెతికి ముడివేయాలి. ఇద్దరూ ఫోర్కులు గాల్లో పట్టుకుని ఆగిపోయారు.

"తెంపద్దురా, వదులు" అన్నాడు పెద్దనాయన.

"నువ్వు లాగు న్నా, మెల్లగా" అన్నాడు నాయన.

పోగు సాఫీగా జారి పెద్దనాయన ప్లేటులో పడింది. అప్పుడు ఇద్దరికీ తెలిసొచ్చింది, మాట్లాడుకున్నామని. ఇద్దరూ ఒకేసారి తలతిప్పి యజమాని కోసం చూశారు, ఆ మాటలు ఆయనే అటూ ఇటూ చేరవేసి ఉంటాడేమోనన్నట్టు. ఆయన గల్లాపెట్టె దగ్గర ఎవరికో చిల్లర ఇస్తున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. బల్ల మీద సీసాలో పులుపు నీళ్లలో నానేసిన పచ్చిమిరపకాయలు ఉంటే, ఒకటి కొరికానని చెప్పాను. అవ్వ నావైపు చూడలేదు. "సల్లారిపోతాది, తినండి" అంది.

అంతటితో అన్నదమ్ములు కలిసిపోయారనుకుంటే మీకు మా వాళ్లు తెలియనట్టే. తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో మళ్లీ ఒకరు ముందు, ఒకరు వెనక. ధర్మవరంలో దిగాక మళ్లీ మూగనోము. కానీ తర్వాతి అమావాస్యకు అడగకుండానే ఇద్దరూ తెల్లచొక్కాలు వేసుకుని బయలుదేరారు. ఆ తర్వాతి అమావాస్యకూ అంతే. దాదాపు రెండేళ్లు అలా నడిచింది. హోటల్లో ఉన్నంతసేపూ మాట్లాడుకునేవారు. మెట్లు దిగితే లేదు.

దాంతో మా రెండిళ్లలోనూ ఒక వింత పద్ధతి వచ్చింది. పట్టు ధర పెరిగినా, పై కప్పు కారినా, మా పెద్దనాయన కొడుకు లెక్కల్లో తప్పినా, ఇంట్లో ఎవరూ గోడ దాటి మాట్లాడకుండా అమావాస్య దాకా దాచిపెట్టేవారు. "ఆ సంగతి చైనాలో మాట్లాడుకుంటాం లే" అనేవాడు నాయన. వినేవాళ్లకు మా ఇంటి మగవాళ్లు ఎంత దూరం వ్యాపారం చేస్తున్నారో అనిపించేది.

నేపాల్ వంటాయన మా బల్లకు విడిగా మిరపకాయలు వేయడం నేర్చుకున్నాడు. అవ్వ పొడి డబ్బా చూసి పక్క బల్లల వాళ్లు అడగసాగారు. నీళ్లు మాత్రం హోటల్ జగ్గులోవి ఇద్దరూ తాగేవారు. అవి ఎవరి బావివీ కావు కదా, ఒట్టుకు భంగం లేదు. ఆ తిండి కడుపుకు ఆనదని అవ్వ గట్టి నమ్మకం. అందుకని ప్రతిసారీ సంచిలో జొన్నరొట్టెలు పెట్టుకొచ్చి, తిరుగు ప్రయాణంలో బస్సు కదలగానే తను ఒక్కతే తినేది.

నా చదువు చివరి ఏడాది ఎండలు ముదిరిన ఒక శనివారం అమావాస్య పడింది. ఆ ఏడు కూడా వానలు మొహం చాటేశాయి. వాళ్లతోపాటు నేనూ ఆ రోజు ఇంటికి వెళ్లాలని బట్టల సంచితో సహా బస్టాండుకు వచ్చాను. నలుగురం నడిచి హోటల్ దగ్గరకు వెళ్లేసరికి బోర్డు లేదు. మెట్ల పైన తలుపుకు తాళం. డ్రాగన్ బొమ్మ మెట్ల కింద గోడకు ఆనించి ఉంది, ముఖం గోడవైపు.

"వాళ్లు కోలారుకు పోయినారన్నా. వ్యాపారం లేదంట" అన్నాడు టైర్ల అంగడి ఆయన.

మేం నలుగురం కాసేపు అక్కడే నిలబడ్డాం. నేను అవ్వ ముఖం చూశాను. ఆమె ముఖం అంత చిన్నదవడం నేను ఎన్నడూ చూడలేదు. వీధిలో ట్రంకుపెట్టె మీద కూర్చున్న రోజు కూడా ఇలాగే ఉండి ఉంటుందనిపించింది. ఆమె మెల్లగా మొదటి మెట్టు మీద కూలబడింది.

"ఇంగ మీరు యాడ మాట్లాడుకుంటారప్పా?" అంది.

నాయన ఎదురుగా రోడ్డువైపు చూస్తూ, "ఆ పక్క వీధిలో ఉడిపి హోటలుండాదమ్మా, పోదాం పద" అన్నాడు.

"ఆడ ఎవురి తట్ట వాళ్లకే పెడతారు. నాకి వద్దు" అంది అవ్వ.

రెండేళ్ల కిందట రోలు దగ్గర కూర్చుని 'మంచిది' అన్నది ఎందుకో ఆమె నోటి నుంచి బయటికి వచ్చింది అప్పుడే. కొడుకులిద్దరికీ కూడా అప్పుడే అర్థమయి ఉండాలి. పెద్దనాయన తల దించుకుని అవ్వ కన్నా ఒక మెట్టు కింద కూర్చున్నాడు. కాసేపటికి నాయన ఆయన పక్కన కూర్చున్నాడు. మధ్యలో ఒక మనిషి పట్టే జాగా ఉంది.

అవ్వ సంచి విప్పి గుడ్డ పరిచింది. జొన్నరొట్టెలు తీసి గుడ్డ నడిమధ్య పెట్టింది. పొడి డబ్బా మూత తీసి దాని పక్కన పెట్టింది. ఎవరికీ వడ్డించలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నాయన రొట్టెల వైపు చూశాడు. ఆ నెల అవ్వ పెద్దనాయన వంతు. రొట్టెలు పెద్దమ్మ చేతివి.

"అవి ఆ ఇంటి రొట్టెలు గదమ్మా" అన్నాడు నెమ్మదిగా.

"ఇల్లు యాడుండాది ఈడ? మెట్లుండాయి" అంది అవ్వ.

నాయన ఒక రొట్టె తుంచాడు. ఆరేడేళ్ల తర్వాత వదిన చేతి రొట్టె అది. పెద్దనాయన రొట్టెకు పొడి అద్దుకుని తొందర తొందరగా తినసాగాడు, తమ్ముడివైపు చూడకుండా ఉండడానికే ఆ తొందరంతా. ఎండిన రొట్టె, మా అమ్మ చేతి కారం. పొలమారింది. దగ్గు, కళ్లలో నీళ్లు, ఊపిరి తిరగడం లేదు.

నాయన ఎప్పుడు లేచాడో తెలియదు. అన్న నడినెత్తి మీద అరచేత్తో తట్టాడు. మా ఇళ్లలో పొలమారితే తలమీద తట్టేది పెద్దవాళ్లు. తమ్ముడు అన్న నెత్తి తట్టడం నేను చూడటం అదే మొదటిసారి. వెంటనే సంచిలోంచి అవ్వ మరచెంబు తీసి, మూత తిప్పి పెద్దనాయన నోటి దగ్గర పెట్టాడు. పెద్దనాయన గడగడ తాగాడు.

సగం తాగాక ఆయన చూపు చెంబు మీద నిలిచింది. అవి ఎక్కడి నీళ్లో ఆయనకు తెలిసింది. మాకందరికీ తెలిసింది. నాయన చెయ్యి చెంబును వెనక్కి తీయలేదు, ముందుకు నెట్టలేదు, అలాగే ఉంది. పెద్దనాయన రెండు చేతులతో చెంబు అందుకుని, తలెత్తి, మిగతా నీళ్లు కూడా తాగేశాడు. అవ్వకు చుక్క మిగల్చలేదు.

మూతి తుడుచుకుని, "మన బాయి నీళ్లు ఇంగా ఆ రుచే ఉండాయిరా" అన్నాడు.

"యాడికి పోతాయి న్నా" అన్నాడు నాయన.

అవ్వ అప్పుడు తన రొట్టె అందుకుంది. ఆమె ఏమయినా అంటుందేమోనని చూశాను. రొట్టె ముక్క మీద పొడి వేసుకుంటూ, ఈసారి మీయమ్మ ఉప్పు తక్కువేసినట్లుండాది మే అని నాతో అంది. మేం నలుగురం టైర్ల వాసనలో, తాళం వేసిన చైనా హోటల్ మెట్ల మీద ఆ రొట్టెలన్నీ తిన్నాం. ఆ తర్వాత నేను చాలా ఊళ్లు తిరిగాను. చైనావాళ్లవి, ఇటలీవాళ్లవి పెద్ద పెద్ద హోటళ్లలో తిన్నాను. గిన్నె నడిమధ్య పెట్టే చోటల్లా ఆ మెట్లు గుర్తొస్తాయి.

ఆ రోజు బస్సులో ముగ్గురూ ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. అవ్వకు టికెట్ ఒకటే కొన్నారు, కాళ్లు చాపుకోవడానికి లేదని ఆమె దారంతా సణుగుతూనే ఉంది.

వంతు ప్రకారం అవ్వ ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చింది. మరునాడు ఆదివారం. పొద్దున్నే తలుపు తీసిన మా అమ్మ కదలకుండా నిలబడిపోయింది. గడప బయట పెద్దమ్మ, చంకలో ఖాళీ కడవ. అమ్మ వెనక్కి తిరిగి అవ్వ వైపు చూసింది.

అవ్వ ఆకువక్క దంచుకుంటోంది. తల ఎత్తలేదు.

"చేద ఆడనే ఉండాది, తోడుకో మే" అంది.

పెద్దమ్మ పెరట్లోకి వెళ్లి చేద బావిలోకి వదిలింది. గిలక కిర్రుమంది. ఆ చప్పుడుకు గోడ అవతల పెద్దనాయన మగ్గం ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలయింది.